విసెరా రిపోర్టు ఆరు నెలలైనా రాలేదంటే ఎక్కడ ఆగినట్టు?

పాకాల_జంక్షన్
మా పక్క ఊర్లో ఒక రైతు చనిపోయినాడు. మామిడి తోటలో మందు కొడతా ఉంటే ఒంటికి పట్టి పడిపోయినాడని ఇంట్లోవాళ్ళు చెబుతా ఉండారు. ఆస్పత్రి చీటీలో మాత్రం "మందు తాగినట్టు తెలిసింది" అని ఎవరో రాసినారు. రెండు దినాలు వైద్యం జరిగినాక ప్రాణం పోయింది. పోస్ట్‌మార్టం కాగితంలో ఆఖరున "విసెరా రిపోర్టు వచ్చేదాకా అభిప్రాయం వాయిదా" అని ఉండాది. విసెరా అంటే విష పరీక్షకు శవంలోంచి తీసిన లోపలి అవయవాల ముక్కలంట. ఆరు నెలలు దాటింది. ప్రమాద బీమా వాళ్ళు ఫైనల్ ఒపీనియన్ లేకుండా ఫైలు ముట్టుకోమంటారు. స్టేషన్‌లో అడిగితే ల్యాబు నుంచి రాలేదంటారు. ఇది నిజంగా ల్యాబులోనే ఆగుతుందా, ఇంగెక్కడన్నా ఆగుతుందా? తాగినాడా, ఒంటికి పట్టిందా అనేది ల్యాబు చెప్పగలదా?

స్టేషన్_రైటర్
ముందు ఒక్కటే అడుగు: "ల్యాబులో ఇచ్చిన నంబరెంత, ఏ తేదీన ఇచ్చారు?" సీసాలు అప్పజెప్పిన కానిస్టేబుల్‌కు ల్యాబు రిసెప్షన్‌లో రసీదు ఇస్తారు. ఆ రసీదు సీడీ (కేస్ డైరీ) ఫైల్లో ఉండాలి. రసీదు చూపిస్తే సీసాలు ల్యాబులో ఉన్నట్టు. "ఉంది, వెతకాలి" అంటే చాలాసార్లు సీసాలు ఇంకా స్టేషన్ ప్రాపర్టీ రూమ్‌లోనే ఉంటాయి.

దారి ఇది. డాక్టర్ సీసాలకు సీలేసి, ముద్ర నమూనా విడిగా ఇచ్చి కానిస్టేబుల్‌కు అప్పజెబుతాడు. స్టేషన్‌లో రిజిస్టర్‌లో ఎక్కించాలి. తర్వాత ఐవో (దర్యాప్తు అధికారి) లెటర్ ఆఫ్ అడ్వైజ్, అంటే ఏమేం పరీక్షించాలో ల్యాబుకు రాసే ఉత్తరం, తయారు చేసి, కోర్టు ద్వారానో పై అధికారి ద్వారానో ల్యాబుకు పంపించాలి. మన పక్క కేసులు ముందు తిరుపతి రీజనల్ ల్యాబుకు పోతాయి. అక్కడ లేని పరీక్ష అయితే రాష్ట్ర ల్యాబుకు. ఈ మెట్లలో ఎక్కడైనా ఒక సంతకం తగ్గితే అక్కడే నిలిచిపోతుంది.

నల్లకోటు
పైన రైటర్‌ గారు చెప్పినదానికి ఇంకో మెట్టు చేర్చాలి. ల్యాబు రిపోర్టు కుటుంబానికి రాదు. ఎవరు పంపించారో వాళ్ళకే పోతుంది, అంటే కోర్టుకో పోలీసుకో. ఆ రిపోర్టు తీసుకుని మళ్ళీ పోస్ట్‌మార్టం చేసిన డాక్టర్ దగ్గరికి పోతేనే ఆయన ఫైనల్ ఒపీనియన్ రాస్తాడు. ఈ రెండో ప్రయాణం చాలా కేసుల్లో జరగదు. రిపోర్టు వచ్చి కోర్టు ఫైల్లో కూర్చుంటుంది, డాక్టర్‌కు ఎవరూ చెప్పరు, కుటుంబమేమో ల్యాబును తిట్టుకుంటూ ఉంటుంది. బీమా వాళ్ళకు కావాల్సింది ల్యాబు కాగితం కాదు, డాక్టర్ రాసిన మరణ కారణం.

కేసు నంబరు, శవపంచనామా తేదీ రాసి సర్టిఫైడ్ కాపీకి దరఖాస్తు పెట్టండి. రిపోర్టు వచ్చిందా లేదా అప్పుడే తేలిపోతుంది.

అలిపిరి_మెట్లు
ఎంతసేపూ స్టేషన్ మీదకే తోస్తారేంది? ల్యాబుల్లో మనుషులు చాలరు, మిషను చెడిపోతే బాగుచేసేవాళ్ళు వచ్చేదాకా ఆ వరుసంతా ఆగుతుంది. అది కూడా చెప్పండి.

పరీక్షనాళిక
అదీ నిజమే. కాదనను. కానీ ల్యాబుకు చేరిన సీసా కూడా చాలాసార్లు తిరిగి వెనక్కి పోతుంది. ఎందుకంటే, సీలు పగిలింది, ముద్ర నమూనాకూ సీసామీది ముద్రకూ పొంతన లేదు, లేబుల్ తడిసి పేరు చెరిగింది, లెటర్‌లో నాలుగు సీసాలని రాసి మూడే పంపారు. ఇవన్నీ ల్యాబు సొంతంగా సరిచేయడానికి వీల్లేదు. వెనక్కి రాసి, జవాబు వచ్చాకే మొదలు పెట్టాలి. నెలలు పోయేది ఇక్కడ.

విసెరా సంగతి చెబుతా. ఒక సీసాలో జీర్ణాశయం లోపలి పదార్థంతో సహా, చిన్నపేగు ఓ అడుగు ముక్క. రెండు చివర్లూ దారంతో కట్టి కోయాలి, లేకపోతే లోపలిది అక్కడే కారిపోతుంది. రెండో సీసాలో కాలేయం 500 గ్రాముల దాకా, పిత్తాశయంతో కలిపితే మంచిది, రెండు మూత్రపిండాల్లోనూ సగం సగం. ఒక మూత్రపిండం పూర్తిగా తీసి రెండోది వదిలేయడం తప్పు. మూడోదాంట్లో రక్తం. వీటితో పాటు కుళ్ళకుండా వాడిన ఉప్పు ద్రావణం కొంచెం ఖాళీ సీసాలో విడిగా పంపాలి. ఆ ద్రావణంలోనే ఏదైనా ఉందేమో తేల్చడానికి అదే ఆధారం. ఇది మరిచిపోయేవాళ్ళే ఎక్కువ.

సీసా మూడింట రెండు వంతులే నింపాలి. కుళ్ళు వాయువు వస్తుంది. మన తిరుపతి ఎండల్లో అంచుదాకా నింపి బిరడా బిగించిన సీసా దారిలోనే పగులుతుంది.

మార్చురీ_మెట్టు
ఉప్పు గురించి ఒక మాట. "ఉప్పు నీళ్ళు" అంటే చిటికెడు ఉప్పు వేసిన నీళ్ళు కాదు. ఇంక కరగక ఉప్పు అడుగున మిగిలేదాకా వేయాలి. పలచగా ఉంటే రెండు రోజుల్లో కుళ్ళు మొదలవుతుంది.

అన్నిటికీ ఉప్పు పనికిరాదు కూడా. ఆసిడ్ తాగిన కేసులో రెక్టిఫైడ్ స్పిరిట్ (గాఢమైన ఆల్కహాల్) వాడతారు, కార్బాలిక్ ఆసిడ్ అయితే అదీ వద్దు. సారా అనుమానం ఉన్నచోట స్పిరిట్ వేస్తే ఇంక ల్యాబు చెప్పేదేముంటుంది? ఫార్మలిన్ మాత్రం విషం కోసం పంపే సీసాలో ఒక్క చుక్క కూడా పడకూడదు. అది సూక్ష్మదర్శిని కింద కణజాలం చూసేదానికి. డీఎన్‌ఏకూ అది శత్రువే.

పాకాల_జంక్షన్
ఇన్ని ఉన్నాయని తెలీదబ్బా. మరి రెండు దినాలు ఆస్పత్రిలో ఉన్న మనిషి కడుపులో మందు ఇంకా దొరుకుతుందా?

పరీక్షనాళిక
అసలు ప్రశ్న ఇదే. రైతుల మందు కేసుల్లో తరచుగా తగిలేవి ఆర్గానోఫాస్ఫేట్లు అనే జాతి పురుగుమందులు: మోనోక్రోటోఫాస్, క్లోర్‌పైరిఫాస్ లాంటివి. ఆస్పత్రిలో చేరగానే ముక్కులో గొట్టం వేసి కడుపు కడుగుతారు. మందులో ఎక్కువ భాగం ఆ కడుగునీళ్ళతోనే బయటికి వస్తుంది. ఒంట్లో మిగిలింది కాలేయం విరగ్గొడుతుంది, మూత్రంలో పోతుంది. రెండు మూడు రోజులు బతికిన మనిషి విసెరాలో "విషం కనబడలేదు" అని రావడంలో ఆశ్చర్యం లేదు. దాని అర్థం విషం లేదని కాదు, పంపిన ముక్కల్లో, వాడిన పరీక్షలకు అందలేదని. డాక్టర్‌కు ఈ తేడా తెలుసు, బీమా ఆఫీసులో ఫైలు చూసేవాళ్ళకు తెలియాల్సిన పని ఉంది.

అందుకే ఆ మొదటి కడుగునీళ్ళు ఒక సీసాలో పట్టి, సీలేసి పోలీసుకు అప్పజెప్పాలి. మొదటిసారి పట్టిందే ముఖ్యం, నాలుగోసారి కడిగినప్పుడు వచ్చేవి ఉత్త నీళ్ళే. చేరిన రోజు తీసిన రక్తం, మూత్రం కూడా. గడ్డిమందు పారాక్వాట్ అయితే మొదటి రోజు మూత్రమే ప్రాణం. క్షారం చేసి సోడియం డైథయోనైట్ వేస్తే నీలంగా తిరుగుతుంది. రోజులు గడిచాక ఆ నీలం పలచబడి పోతుంది.

ఇంకోటి. ఆస్పత్రిలో విరుగుడుగా అట్రోపిన్ ఇస్తారు. కేస్ షీట్ కాపీ పంపకపోతే ల్యాబులో అట్రోపిన్ కనబడి, ఉమ్మెత్త పెట్టారేమో అన్న అనుమానం లేస్తుంది. ఉమ్మెత్తలోనూ అదే జాతి మందులుంటాయి మరి.

మార్చురీ_మెట్టు
బియ్యంలో పురుగు పట్టకుండా పెట్టే మాత్రల కేసు వేరే. అల్యూమినియం ఫాస్ఫైడ్. కడుపులో తేమ తగలగానే ఫాస్ఫీన్ వాయువు వస్తుంది. మూడు గ్రాముల మాత్ర నుంచి ఒక గ్రాము వాయువు. బిరడా సరిగా లేని సీసా అయితే ల్యాబు చేరేసరికి వాయువంతా గాల్లో కలిసిపోయి ఉంటుంది.

పరీక్షనాళిక
దాన్ని ఎట్లా పట్టుకుంటారో కూడా చెబుతా, ఎందుకంటే ఇక్కడ తప్పు జరిగే వీలుంది. సిల్వర్ నైట్రేట్‌లో తడిపిన కాగితం సీసా మూతిమీద పెడితే ఫాస్ఫీన్‌కు నల్లబడుతుంది. కానీ కుళ్ళిన పేగునుంచి వచ్చే హైడ్రోజన్ సల్ఫైడ్‌కూ నల్లబడుతుంది. అందుకని పక్కన లెడ్ ఎసిటేట్ కాగితం కూడా పెడతారు. రెండూ నల్లబడితే కుళ్ళు ఉన్నట్టు, అప్పుడు ఇంకో పద్ధతిలో నిర్ధారించాలి. సిల్వర్ కాగితం ఒక్కటే నల్లబడితే ఫాస్ఫీన్. ఒక్క కాగితం చూసి రాసేస్తే రేపు కోర్టులో ఎదుటి లాయరు చేసే క్రాస్‌లో నిలబడదు.

కాణిపాకం_కుర్రోడు
పాము కాటుకు కూడా విసెరా పంపుతారు కదా, దాంట్లో ఏం తేలుతుంది?

మార్చురీ_మెట్టు
మామూలు విష పరీక్షల్లో పాము విషం తేలదు. అది ప్రోటీన్. కాటు గుర్తులు, ఆస్పత్రి కేస్ షీటే ఆధారం. రక్తపింజర అయితే 20 నిమిషాల పరీక్షలో రక్తం గడ్డకట్టదు, అది షీట్‌లో రాసి ఉంటే బలం. నాగుపాము, కట్లపాము కాటుల్లో రెప్పలు వాలడం, ఊపిరి అందకపోవడం చూస్తారు. పంపాలంటే కాటు పడ్డచోట చర్మం ముక్క, పోల్చేదానికి అవతలి పక్కనుంచి ఇంకో ముక్క పంపాలి.

స్టేషన్_రైటర్
లెటర్ ఆఫ్ అడ్వైజ్ రాసేవాళ్ళకు నా మనవి ఒకటి. "పై వస్తువులు పరీక్షించి రిపోర్టు ఇవ్వగలరు" అని రాసి వదిలేయొద్దు. ల్యాబు అడిగినదానికే జవాబు చెబుతుంది. "విషం ఉందా" అంటే ఉంది, లేదు అనే వస్తుంది. పాకాల అడిగిన కేసులో ఎట్లా రాయాలంటే: ఏ మందు, ఏ సీసాలో ఉంది, ఏ సీసాలో లేదు, ఒంటిమీది బట్టల్లో ఉందా, తోటలో దొరికిన డబ్బాలోని మందూ ఇదీ ఒకటేనా. శవపంచనామా, పోస్ట్‌మార్టం, కేస్ షీట్ కాపీలు జతచేయాలి. ఈ ప్రశ్నలు రాసేదానికి పట్టేది పది నిమిషాలు.

శేషాచలం_నీడ
ప్రశ్న అడగడం గురించి కాబట్టి ఎర్రచందనం కేసులు కూడా చెప్పాలి. దుంగలు దొరికిన బండికి నంబరు ప్లేటు దొంగది, చాసిస్ నంబరు గ్రైండర్‌తో గీకేసి ఉంటారు. చాలామంది ఐవోలు "నంబరు చెరిపివేయబడినది" అని మధ్యవర్తుల నివేదికలో రాసి ఆపేస్తారు. అది తిరిగి లేస్తుంది! నంబరు కొట్టేటప్పుడు పంచ్ దెబ్బకు అడుగున ఇనుము కూడా నలుగుతుంది. పైన గీకేసినా ఆ నలిగిన పొర మిగిలి ఉంటే, సన్న ఎమరీ కాగితంతో నునుపు చేసి, ఫ్రైస్ ద్రావణంతో దూదిని తడిపి రుద్దుతూ పోతే నలిగినచోట ఆసిడ్ ముందు తింటుంది. అంకె నీడలాగా పైకి వస్తుంది. ఆ ద్రావణంలో ఉండేది కుప్రిక్ క్లోరైడ్, హైడ్రోక్లోరిక్ ఆసిడ్, నీళ్ళు.

కానీ అన్ని అంకెలూ ఒకేసారి రావు. ఒకటి వచ్చి ఇంకోటి పోతుంది. వచ్చింది వచ్చినట్టు ఫోటో తీయాలి. మరీ లోతుగా గీకేస్తే ఏమీ రాదు. స్టేషన్‌లో మనవాళ్ళు "చూద్దాం" అని ఉప్పుకాగితంతో రుద్దితే ఆ ఉన్న పొర కూడా పోతుంది. తుప్పు పట్టకుండా గ్రీజు పూసి వదిలేయండి, అంతే చాలు. అల్యూమినియం ఇంజన్ భాగానికి ఈ ద్రావణం కాదు, వేరేది.

నల్లకోటు
దుంగ ఎర్రచందనమేనా అనేది కూడా కోర్టులో ప్రశ్నే. "చూడగానే ఎర్రగా ఉంది" అంటే నిలబడదు.

శేషాచలం_నీడ
నిలబడదు. చెక్క గుర్తింపు తెలిసిన నిపుణుడు అడ్డకోత, నిలువుకోత సన్నపొరలు తీసి సూక్ష్మదర్శినిలో రంధ్రాల అమరిక చూస్తాడు. రంగు సంగతి చిన్న గ్లాసులో కూడా కనిపిస్తుంది: శాంటలిన్ అనే ఆ ఎరుపు చల్లనీళ్ళలో దిగదు, ఆల్కహాల్‌లో దిగుతుంది. ఇది సూచన మాత్రమే, రుజువు కాదు. ప్రతి దుంగనుంచీ ముక్క తీసి, దుంగ నంబరు, ముక్క నంబరు ఒకటే వేయాలి. పది దుంగలకు ఒక్క ముక్క పంపి "అన్నీ ఇదే" అంటే మిగతా తొమ్మిదీ గాల్లో ఉన్నట్టే.

అలిపిరి_మెట్లు
అడవి పక్క ఊర్లలో నాటు తుపాకులు కూడా దొరుకుతాయి. వాటికి "ఇది ఎప్పుడు కాల్చారు" అని అడుగుతారు. రోజు, గంట ఎవరూ చెప్పలేరు. పనిచేసే స్థితిలో ఉందా, కాల్చిన ఆనవాళ్ళు గొట్టంలో ఉన్నాయా, దొరికిన గుండ్లు దీంట్లోంచి రాగలవా అని అడగాలి. మూతి నుంచి తుపాకిమందు దట్టించే తుపాకీ కాబట్టి సురేకారం, గంధకం, బొగ్గు ఆనవాళ్ళు వెతుకుతారు. చేతులమీది ఆనవాళ్ళయితే కొన్ని గంటలే, కడుక్కుంటే అంతే సంగతులు. గొట్టంలోకి గుడ్డ దూర్చి తుడిచి పంపినవాళ్ళు కూడా ఉన్నారు, దయచేసి ఆ పని చేయొద్దు.

కాణిపాకం_కుర్రోడు
గంజాయి కేసుల్లో రిపోర్టు లేటయి బెయిల్ వస్తోందని అందరూ ల్యాబును అంటున్నారు. నిజమా?

నల్లకోటు
లెక్క చూద్దాం. 20 కిలోలకు మించి దొరికితే వాణిజ్య పరిమాణం. ఛార్జిషీటుకు 180 రోజులు ఉంది, ఆ గడువు దాటితే బెయిల్ అడుగుతారు. మాదకద్రవ్యాల చట్టం (ఎన్‌డీపీఎస్) 2022 నియమాల ప్రకారం ల్యాబు 15 రోజుల్లో రిపోర్టు ఇవ్వాలి. పరిమాణం తేల్చేదానికి ఇంకా టైము కావాలంటే గుణాత్మక ఫలితం 15 రోజుల్లో పంపి, మిగతాది తర్వాతి 15 రోజుల్లో. కాబట్టి చాలా కేసుల్లో గడువు తినేసేది ల్యాబుకు ముందున్న భాగం. ఆ చట్టం 52ఏ సెక్షన్ కింద మేజిస్ట్రేట్ ముందు నమూనా తీయాలి. ఆ దరఖాస్తు పెట్టడమే నెలకు పెడితే?

స్టేషన్_రైటర్
మేజిస్ట్రేట్ గారికి కూడా ఖాళీ దొరకాలి కదండీ. రైలు పెట్టెలో దొరికిన బ్యాగులు ఇరవై ఉంటే అన్నీ ఎత్తుకుని కోర్టుకు పోవాలి, తూకం వేయాలి, ఫోటోలు తీయాలి, జాబితా రాయాలి. ఒక పూట పని కాదు.

నల్లకోటు
అది ఒప్పుకుంటా. కానీ దాని పేరు చెప్పి స్పాట్‌లోనే నమూనా తీసి, తర్వాత మేజిస్ట్రేట్ దగ్గర సంతకం మాత్రం పెట్టించుకుంటే డిఫెన్సు మొదటి క్రాస్‌లోనే పట్టుకుంటుంది. 2016లో మోహన్‌లాల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది ఇదే.

పరీక్షనాళిక
నమూనా విషయంలో ల్యాబు వైపునుంచి. గంజాయికి ఒక్కో నమూనా 24 గ్రాములకు తగ్గకూడదు, జంటగా తీయాలి. ఒకే సైజు, ఒకే గుర్తు, కిట్ పరీక్షలో ఒకే రంగు ఇచ్చిన ప్యాకెట్లయితే 40 దాకా ఒక లాట్‌గా కట్టవచ్చు. వేడితో అతికించిన ప్లాస్టిక్ సంచిలో వేసి, దానిమీద కాగితం కవరు.

పచ్చిది అట్లే సంచిలో మూసేస్తే బూజు పడుతుంది, బరువు తగ్గుతుంది. కోర్టులో "పంపింది 24, అందింది 19 ఎట్లా" అంటారు. నీరు ఆవిరైందని చెప్పాలంటే పంచనామాలో "పచ్చిగా, తడిగా ఉన్నది" అని ముందే రాసి ఉండాలి. చట్టం ప్రకారం గంజాయి అంటే పూత, కాయ ఉన్న కొనలు. కొనలు లేని ఉత్త ఆకు, గింజ దాని కిందికి రావు. కాబట్టి కొనలు ఉన్న భాగమే తీయాలి. సూక్ష్మదర్శినిలో ఆకు రోమాలు, డుక్వెనాయ్ పరీక్షలో ఊదా రంగు, ఆపైన టీఎల్‌సీ (పలచటి పొరమీద రసాయనాలు వేరుచేసి చూసే పరీక్ష). అన్నీ కలిపితేనే రిపోర్టు.

డీవీఆర్_తెలిసినోడు
అందరూ సీసాలూ సంచులే చెబుతున్నారు. సీసీ కెమెరా సంగతి ఎవరూ ఎత్తలేదు. కెమెరా దృశ్యాలు దాచే డీవీఆర్‌లు చాలావరకు పదిహేను నుంచి ముప్పై రోజులకు పాతదానిమీదే రాసుకుంటాయి. దుకాణం ఓనర్‌ను "తర్వాత వస్తాం" అంటే తర్వాత ఏమీ ఉండదు. పోయిన వెంటనే స్క్రీన్‌మీది టైమూ, మీ ఫోన్‌లోని టైమూ పక్కపక్కన ఒక ఫోటో తీయండి. ఏడు నిమిషాలు ముందుంటే ఏడు నిమిషాలని పంచనామాలో రాయండి. టవర్ లొకేషన్‌తో పోల్చేటప్పుడు ఈ ఏడు నిమిషాలే కేసు.

కాపీ తీసినప్పుడు హ్యాష్ విలువ (ఫైలుకు వేలిముద్రలాంటి గుర్తు, ఫైలు మారితే అదీ మారుతుంది) రాయాలి. భారతీయ సాక్ష్య అధినియం (కొత్త సాక్ష్య చట్టం) 63వ సెక్షన్ సర్టిఫికెట్‌లో రెండు భాగాలు ఉంటాయి, మొదటిది ఇచ్చినవాళ్ళు, రెండోది నిపుణుడు. ఫోన్ అయితే ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, సిగ్నల్ తగలని సంచిలో వేయాలి. ఆన్‌లో ఉన్న ఫోన్‌ను ఆఫ్ చేస్తే మళ్ళీ పాస్‌వర్డ్ అడుగుతుంది, అది తెలియకపోతే ల్యాబు కూడా చాలా కష్టపడాలి. పాస్‌వర్డ్ తెలిస్తే లెటర్‌లో రాయండి.

మార్చురీ_మెట్టు
రక్తం అంటిన బట్టలు పాలిథిన్ కవర్లో కట్టడం ఎప్పుడు మానతారు? తడి మీద మూత వేస్తే బూజు, బ్యాక్టీరియా డీఎన్‌ఏను తినేస్తాయి. నీడలో, గాలికి ఆరబెట్టి, మడతలో మరక మరకను తాకకుండా మధ్యలో కాగితం పెట్టి, బ్రౌన్ కవర్లో వేయాలి. ఎండలో కాదు, నీడలో. నిప్పంటించిన కేసులో మాత్రం దీనికి ఎదురు: పెట్రోలు, కిరసనాయిల్ వాసన ఉన్న గుడ్డ గాలి చొరబడని డబ్బాలో పెట్టాలి, కాగితంలో పెడితే ఆవిరైపోతుంది. ఒకటే సూత్రం అన్నిటికీ పనిచేయదు.

కాణిపాకం_కుర్రోడు
బావిలో దొరికిన శవాలకు డయాటమ్ పరీక్ష అంటారు, అది ఖాయంగా చెబుతుందా?

పరీక్షనాళిక
ఖాయంగా కాదు. నీళ్ళలోని సూక్ష్మ శైవలాలు ఊపిరి ఆడుతుండగా లోపలికి పోతే రక్తంతోపాటు ఎముక మజ్జ దాకా చేరతాయి. తొడ ఎముక పగలకుండా పంపాలి, అదే బావినుంచి ఒక లీటరు నీళ్ళు కూడా. ఎముకలో దొరికినవీ బావిలోవీ ఒకే రకమైతే బలం. దొరక్కపోతే మునగలేదని చెప్పలేం. పరీక్షలో గాజుసామాను కుళాయి నీళ్ళతో కడిగినా తప్పుడు ఫలితం వస్తుంది.

నల్లకోటు
కొత్త చట్టం గురించి ఒక్క మాట. 2024 జులై 1 నుంచి సీఆర్‌పీసీకి బదులు భారతీయ నాగరిక్ సురక్షా సంహిత అమల్లో ఉంది. 176(3) ప్రకారం ఏడేళ్ళు, ఆపైన శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణుడు ఘటనా స్థలానికి వచ్చి ఆధారాలు సేకరించాలి, వీడియో తీయించాలి. రాష్ట్రాలకు ఐదేళ్ళ లోపు గడువు ఇచ్చారు. పైన మనం రాసుకున్న తప్పుల్లో సగం ఆ మొదటి గంటలో తెలిసిన మనిషి ఉంటే జరగవు. 330వ సెక్షన్‌లో ఇంకో మంచి మాట ఉంది: రిపోర్టును ఎవరూ సవాలు చేయకపోతే నిపుణుణ్ణి కోర్టుకు పిలవనక్కర్లేదు. ఒక వాయిదాకు పోయి వచ్చేసరికి ల్యాబులో రెండు రోజుల పని ఆగుతుంది.

అలిపిరి_మెట్లు
ఏడేళ్ళు దాటే ప్రతి కేసుకూ వచ్చేంతమంది ఉండాలి కదా. నేను మొదట అన్నది అదే. మనుషులను వేయకుండా సెక్షన్లు వేస్తే ఎట్లా?

పరీక్షనాళిక
ఆ మాటకు నేనూ మీతోనే ఉన్నా. క్లూస్ టీమ్‌కు (ఘటనా స్థలంలో ఆధారాలు తీసే బృందానికి) ఇచ్చే శిక్షణ ప్రతి స్టేషన్‌లో కనీసం ఒక్కరికి ఇచ్చినా చాలా మారుతుంది.

శేషాచలం_నీడ
1849లో మద్రాసులో కెమికల్ ఎగ్జామినర్ ఆఫీసు పెట్టారు. చిత్తూరు 1953 దాకా మద్రాసు రాష్ట్రంలోనే ఉంది. అంటే మన సీసాలు ఒకప్పుడు అరవదేశం పోయేవి! ఇప్పుడు ల్యాబు తిరుపతిలోనే ఉంది, అయినా కొన్ని సీసాలు స్టేషన్ గడప దాటవు.

పాకాల_జంక్షన్
మీరు చెప్పినట్టే పోయి నంబరు అడిగినా. రసీదు చూపించినారు. కోర్టులో కాపీ తీసుకున్నాం. రిపోర్టు వచ్చి రెండు నెలలయింది! డాక్టర్ దగ్గరికి ఎవురూ పోలేదు. దాంట్లో ఏముందంటే, 1వ సీసాలో విషం కనబడలేదు. 2, 3 సీసాల్లో మోనోక్రోటోఫాస్ ఉంది. 1వ సీసా జీర్ణాశయం కదా, అంటే తాగలేదనే కదా?

పరీక్షనాళిక
తొందరపడొద్దు. కడుపు కడిగితే, రెండు రోజులు గడిస్తే తాగినవాళ్ళకు కూడా జీర్ణాశయం ఖాళీగానే కనబడవచ్చు. కాలేయం, రక్తంలో ఉందంటే ఒంట్లోకి పోయిందని మాత్రం ఖాయం. ఏ దారిన పోయిందో ఆ ఒక్క కాగితం చెప్పదు. కడుగునీళ్ళు పట్టి ఉంటే అది చెబుతుంది. ల్యాబుకు పంపిన జాబితాలో అవి ఉన్నాయా? బట్టలు పంపారా?

పాకాల_జంక్షన్
కడుగునీళ్ళు లేవు. చొక్కా స్టేషన్‌లోనే ఉండాదంట, పంపలేదు. ఆరిపోయింది, కాగితంలో చుట్టి ఉండాది.

స్టేషన్_రైటర్
అయితే చేయాల్సింది ఉంది. ఐవో గారితో రెండో లెటర్ ఆఫ్ అడ్వైజ్ పెట్టించండి, చొక్కా, తోటలోని మందు డబ్బా రెండూ విడివిడి సీలుతో. ఈలోపు డాక్టర్ గారికి ల్యాబు రిపోర్టు, కేస్ షీట్ ఇచ్చి, బట్టల పరీక్ష జరుగుతోందని కాగితంమీద చెప్పండి. లేకపోతే ఆయన ఉన్నదాంతోనే రాసేస్తారు.

పరీక్షనాళిక
లెటర్‌లో చొక్కా ముందు భాగం, వెనక భాగం వేరువేరుగా పరీక్షించమని రాయించు. స్ప్రే ట్యాంకు వీపుకు కట్టుకుంటారు. మూత దగ్గరో పైపు దగ్గరో కారితే వీపు, నడుము తడుస్తాయి. తాగినప్పుడు ఒలికినా, వాంతి అయినా మెడ కింద, ఛాతీమీద పడుతుంది. ప్యాంటు కూడా ఉంటే వెనక నడుము పట్టీ దగ్గర చూడమనండి. మందు పడనిచోట గుడ్డ కొంచెం పోల్చేదానికి ఉండాలి, కాబట్టి ఎవరూ ముక్కలు కోయకుండా మొత్తం చొక్కా అట్లే పంపాలి.

పాకాల_జంక్షన్
ట్యాంకు కూడా ఇంట్లోనే ఉండాది. పట్టీలు కట్టే చోట పగిలి, దారంతో చుట్టి ఉండాది.

స్టేషన్_రైటర్
కడగొద్దని ఇంట్లోవాళ్ళకు ఇప్పుడే ఫోన్ చేసి చెప్పు. వీఆర్వో గారిని, ఇంకొకర్ని మధ్యవర్తులుగా పిలిపించి, ఆ దారం చుట్టినచోటు దగ్గరగా ఫోటో తీయించి, ఐవో స్వాధీనం చేసుకుంటారు.